గాడి లోతు

తిరుపతిలో పరిశోధన చేసే రోజుల్లో నేనొక ప్రోగ్రాం రాశాను. మా మైక్రోస్కోపు సన్నని వెలుగు చుక్కను ఒక ఉపరితలం మీద బిందువు బిందువుగా నడిపించి, తిరిగొచ్చిన వెలుగుతో బొమ్మ తయారుచేస్తుంది. ఏ ఉపరితలానికి ఏ బొమ్మ వస్తుందో ముందే లెక్కగట్టడం నా ప్రోగ్రాం పని. ఒక లోహపు పలక మీది గాడికి నా లెక్కా అసలు బొమ్మా అచ్చంగా కలిశాయి. మా సార్ అందరిలో మెచ్చుకున్నారు.

కలవకేం? గాడి ఆకారాన్ని విడిగా కొలవకుండా, ఆ బొమ్మలోంచే తీసి లెక్కలో పెట్టాను. సూదితో లోతు కొలిచే యంత్రం పక్క గదిలోనే ఉంది. అప్పట్లో దానికోసం వారం ఆగాల్సి వస్తుందని బద్ధకించాను. మెప్పు వచ్చాక కొలవాలంటే భయమేసింది.

పలమనేరు నుంచి వచ్చిన జూనియర్ తన థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఆ ప్రోగ్రాం మీదే నిలబెట్టింది. థీసిస్ ఇవ్వడానికి నాలుగు రోజులుందనగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈ లోతు ఎప్పుడు కొలిచినావు? సూది మిషను రిజిస్టర్లో నీ పేరే లేదే."

"కొలిచినాలేమ్మా. రాసేది మర్చిపోయుంటా."

"పెన్సిలు తీసుకున్నా రాసిపెట్టే మనిషివి, నువ్వు మర్చిపోతివా?" అని నవ్వింది. "పోనీలే, రేపు నేనే ఒకతూరి కొలిచి సూస్తా. ఎవురన్నా అడిగితే సెప్పల్ల కదా."

మర్నాడు అందరికన్నా ముందే వెళ్లి, నమూనాల డబ్బాలోంచి ఆ పలకను తీసి జేబులో వేసుకున్నాను.

ఆమె మధ్యాహ్నం దాకా వెతికింది. బీరువా కింద మోకాళ్ల మీద వంగి టార్చి వేసి చూసింది. చివరికి దుమ్ముచేతులతో నా ముందుకొచ్చింది.

"మొన్న డబ్బా సర్దినప్పుడు నేనే యాడో పారేసినట్టుండానన్నా. సార్‌కు ఏమని సెప్పేది?"

జేబులోంచి పలక తీసి బల్ల మీద పెట్టాను. ఆమె నా జేబు వైపు చూసింది. పలక చేతిలోకి తీసుకుంది.

ఇద్దరం వెళ్లి కొలిచాం. గాడి గోడలు నిటారుగా ఉన్నాయి. వాటి మీద పడిన వెలుగు లెన్సుకు అందకుండా పక్కకు పోతోంది. ఆ నలుపునే నేను లోతు అనుకున్నాను. అసలు లోతు అందులో సగం కూడా లేదు.

"ఈ అధ్యాయం తీసేస్తా. సార్‌కు ఎవురు సెప్తారు?"

"నేనే సెప్తా. సాయంత్రం..."

"ఇప్పుడే పోదాం పాన్నా. సాయంత్రానికి నీకు మళ్లా భయమైతాది."

ఆమె అన్నది నిజం. సార్ గది తలుపు తట్టింది కూడా ఆమే.