ఇసుక పళ్ళెంలో మా ఆయన

నిక్షేపంగా బతికున్న మా ఆయనకు, పరాయి దేశంలో, నేనే దగ్గరుండి ఆత్మశాంతి ప్రార్థన చేయించాను. పక్కనే నిలబడి ఆయన కూడా భక్తిగా తలవంచి ఆమెన్ అన్నారు. మీరూ నవ్వుకోండి, పరవాలేదు. మావాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఆయనకు గుండె ఆపరేషన్ అయిన మరుసటి ఏడు మా అమ్మాయి సునీతను చూడటానికి జార్జియా వెళ్ళాం. రష్యా పక్క దేశం, అక్కడ డాక్టరు చదువుతోంది. "కొండమీద ఆర్థడాక్స్ సిస్టర్ల మఠం ఉందమ్మా, వందల ఏళ్ళనాటిది, చూద్దురుగాని" అంది. నేను చూడటానికి కాదు, బాకీ తీర్చుకోవడానికి బయల్దేరాను. ఆపరేషన్ రోజు ఏలూరు ఆసుపత్రి వరండాలో, "ఈయన్ని నాకుంచు ప్రభువా, నీ మందిరం ఎక్కడ కనబడినా ఆగి కృతజ్ఞత చెబుతాను" అని మాటిచ్చాను మరి. మా అత్తయ్యగారైతే ఏకంగా బేరమే పెట్టారు. "వాడి బదులు నన్ను తీసుకెళ్ళు తండ్రీ, నా వంతు కొల్లేటి చేపలు ఎప్పుడో తినేశాను" అన్నారు. ఆయన ఇంటికొచ్చారు. ఆర్నెల్లు తిరక్కుండా ఆవిడ వెళ్ళిపోయారు.

మఠం తలుపు దగ్గర నల్లబట్టల సిస్టరొకావిడ, తలమీద కొంగు కప్పుకున్న నన్ను మెచ్చుకోలుగా చూసి, జీన్స్ వేసుకున్న సునీతకు మాత్రం నడుముకు చుట్టుకోమని ఓ గుడ్డ ఇచ్చింది.

"ఆగమ్మా, ఇది కట్టుకుని వస్తాను. లోపల పద్ధతులు వేరు" అంది సునీత.

నేను ఆగుతానా! వట్లూరులో సండే స్కూలు టీచర్ని, బైబిల్ క్విజ్‌కి జడ్జిని. చర్చి పద్ధతులు నాకొకళ్ళు చెప్పాలా? మా చర్చిలో క్రిస్మస్‌కీ, కరెంటు పోయినప్పుడూ తప్ప కొవ్వొత్తి వెలగదన్న సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

లోపల అంతా మసకచీకటి, గోడలనిండా పాత బొమ్మలు. కొవ్వొత్తులు పెట్టడానికి ఎత్తుగా ఒక స్టాండు, కిందుగా ఇసుక పోసిన పళ్ళెం ఉన్నాయి.

"ఏవండీ, పైన పెట్టబోతే నా కొంగు అంటుకునేలా ఉంది. కిందే పెడతాను."

"నీకెలా వీలైతే అలా పెట్టు కరుణా" అన్నారాయన. ఏనాడు కాదన్నారు గనక!

గుమ్మం దగ్గర కొన్న కొవ్వొత్తుల్లో మొదటిది ఆయన పేరున ఇసుకలో గుచ్చాను. తర్వాత సునీతకి, ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి, మా పాస్టరుగారికి, తాడేపల్లిగూడెంలో ఉన్న మా అన్నయ్యావాళ్ళకి. చివరిది అత్తయ్యగారి జ్ఞాపకార్థం. అన్నీ వెలుగుతుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు.

అంతలో ఓ ముసలి సిస్టరు వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. మొదటి కొవ్వొత్తి చూపించి "మై హస్బెండ్" అన్నాను. అయ్యో అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. రెండోది చూపించి "డాటర్" అన్నాను. ఆవిడ గుండెమీద సిలువ గుర్తు వేసుకుంది. వరసగా అన్నీ చూపించేసరికి ఆవిడ బావురుమని నన్ను కావలించుకుంది. ఇంకో ఇద్దరు సిస్టర్లు పరుగున వచ్చి సన్నగా పాట ఎత్తుకున్నారు.

"చూశారా అండీ, మన సంతోషానికి వీళ్ళు ఎంతలా ఏడుస్తున్నారో!"

"బంగారంలాంటి మనుషులే" అని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పాట ముగియగానే ఆమెన్ అన్నది అప్పుడే.

గుడ్డ కట్టుకుని వచ్చిన సునీత కంగారుగా సిస్టర్లతో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా! ఇసుక పళ్ళెం చనిపోయినవాళ్ళకి. బతికున్నవాళ్ళకి పైన పెట్టాలి. నీ కుటుంబమంతా ఒకేసారి ఎలా పోయిందని అడుగుతున్నారు. పక్కనున్న పెద్దాయన నీకు ఇంకో అన్నయ్యా అని కూడా."

"నేనా? పోయానా?" అని మా ఆయన గుండెమీద చెయ్యి పెట్టి చూసుకున్నారు.

సంగతి తెలిశాక ముసలి సిస్టరు గోడ పట్టుకుని మరీ నవ్వింది. నవ్వుతూనే కొవ్వొత్తులన్నీ ఒక్కొక్కటే పీకి పై స్టాండులో పెట్టేసింది. మా ఆయన అటు చూసి మెల్లగా అన్నారు.

"కరుణా, మా అమ్మ కూడా పైకొచ్చేసిందే!"

"అయ్యో, అత్తయ్యగారు!" అని చెయ్యి చాపాను గానీ, తీయబుద్ధి కాలేదు. ఎవరి బదులు ఆవిడ కింది పళ్ళెంలోకి వెళ్ళారో నాకు తెలుసు. కొడుకు కొవ్వొత్తి పక్కనే ఆవిడదీ వెలుగుతోంది.

"ఉండనివ్వండి" అన్నాను. "మనింట్లో ఆవిడ పోయింది ఎప్పుడు గనక!"

అందుకని పాఠకమహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కొవ్వొత్తి వెలిగించినా, ముందు ఇంట్లో మనుషులు ఉన్నారో లేదో కనుక్కునే వెలిగిస్తాను. ఇప్పుడు మా వట్లూరులో కరెంటు పోతే అగ్గిపెట్టె పట్టుకుని "ఏవండీ, ఉన్నారా?" అని కేకేస్తాను. "ఉన్నానే, వెలిగించు" అంటారాయన చీకట్లోంచి. ఆ మాట కోసం, రోజూ కాసేపు కరెంటు పోయినా నాకేం అభ్యంతరం లేదు.