వచ్చేక దెబ్బలాడుకుందాం

మా జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో ఎవరింటికి వెళ్లినా ఈ మాట వినపడుతుంది: "ముందు డూటీకెల్లిరా. వచ్చేక దెబ్బలాడుకుందాం." సాక్చి బజార్లో ఒక ఆటో వెనక హిందీలో రాసి ఉండగా కూడా చూశాను. ఎవరి మాట అని అడిగితే, మా తెలుగు సంఘం వార్షికోత్సవాల్లో స్టేజీ ఎక్కి నవ్వించే ఒకాయనదని అందరూ చెబుతారు. నాకు ఒళ్లు మండేది. ఆ మాట మా అమ్మది.

ఆయన కొన్నాళ్లు భుయ్యాడీహ్ బస్తీలో మా పక్క వాటాలో అద్దెకున్నాడు. మధ్యలో ఒక్క గోడ. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఊళ్లో చుట్టాల దాకా అమ్మానాన్నలకు అన్నీ గొడవలే. కానీ నాన్న సైకిల్ బయటికి తీయగానే అమ్మ ఆ మాట అనేసి క్యారియర్ చేతికిచ్చేది. అంతకుముందు మా వీధిలో ఒకాయన భార్యతో మాటా మాటా అనుకుని, కోపంగా డ్యూటీకి బయల్దేరి, దారిలో లారీ కింద పడి పోయాడు. తన నోటి నుంచి చివరగా ఏం వచ్చిందో ఆవిడ మా అమ్మతో చెప్పుకుని ఏడ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో గొడవ గుమ్మం దాటలేదు.

సాయంత్రం నాన్న చెప్పులు విప్పుతూ, "వచ్చీసేను. ఎక్కడ ఆపేం?" అనేవాడు. అమ్మకు నవ్వాగేది కాదు. ఇక దెబ్బలాట ఎక్కడిది?

స్టేజీ మీద ఆ పక్క వాటా ఆయన, నాన్న అనే ఈ రెండో సగం వదిలేశాడు. కొంగు నడుముకు దోపి, అట్లకాడ ఊపుతూ, గయ్యాళి గొంతుతో మొదటి సగమే అనేవాడు. హాలు గొల్లుమనేది. పెళ్లిళ్లలో అమ్మను చూసి, "అట్లకాడ తేనేదేటి పిన్నీ?" అని ఆటపట్టించేవాళ్లు. అమ్మ నవ్వి ఊరుకునేది. తర్వాత మెల్లగా పదిమందిలోకి రావడమే మానేసింది. అది మాత్రం నేను భరించలేకపోయాను.

మొన్న వార్షికోత్సవానికి అమ్మానాన్నలిద్దర్నీ బతిమాలి తీసుకెళ్లాను, ఆయన్ని అందరి ముందూ కడిగేద్దామనే. "నువ్వేటీ అనకు," అని దారి పొడుగునా అమ్మ ఒకటే గొడవ.

ఆయన కొంగు దోపాడు. అట్లకాడ ఎత్తాడు. "వచ్చేక దెబ్బలాడుకుందాం!" అని హాలంతా ఆయనతో కలిసి అరిచింది. అమ్మ తల దించుకుంది. నేను లేవబోయాను.

నాకంటే ముందు నాన్న లేచాడు. రిటైరై పదేళ్లు దాటింది. నలుగురిలో నోరు విప్పిన మనిషి కాదు. స్టేజీ వైపు చూడనైనా లేదు. అమ్మ వైపు తిరిగి, వెనక వరసలకు కూడా వినపడేలా అన్నాడు.

"వచ్చీసేను. ఎక్కడ ఆపేం?"

అమ్మ తలెత్తి నాన్నను చూసింది.

"ఉప్పు కాడ," అంది.