డ్రాయింగులోకి రాని వరస

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ధర్మవరంలో ఒక సర్వే ఆఫీసులో కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసేదాన్ని. కనగానపల్లి పక్క పొలాల్లో తవ్వబోయే కాలువకు మ్యాపు గీయాల్సి వచ్చింది. కాలువ దారిలో పడే బావులు, చెట్లు, సమాధులు అన్నీ ఎక్సెల్‌లో పట్టికగా రాసి, దాన్ని డ్రాయింగుకు లింకు చేయాల. లింకు చేస్తే ఎక్సెల్‌లో ఏది దిద్దినా డ్రాయింగులో దానంతటదే మారుతుంది. కానీ అక్షరాలు ఒకసారి చీమ తలకాయంత, ఇంకోసారి గుమ్మడికాయంత వచ్చేవి. గీతలు సగం మాయమయ్యేవి. పది దినాలు కుస్తీపడి ఎట్లో ఒక దారికి తెచ్చినాను.

ఆ మర్నాడే ఒక ముసలి రైతు వచ్చినాడు. చెప్పులు గడప బయటే విడిచి, నా బల్ల పక్కన నిలబడినాడు.

"మా చేను మూలన మా ఇంటామె సమాధి ఉండాదమ్మా. మీవాళ్లు కొలతకు వచ్చిన దినం కంది పైరు అడ్డమై కనపడలేదేమో. తవ్వే ముందర ఒక మాట చెప్తే చాలు, ఎముకలన్నా ఎత్తి పక్క చేన్లో పెట్టుకుంటా."

ఆయన ఎదురుగానే పట్టిక అడుగున ఒక వరస చేర్చినాను. "రాసినా పెద్దాయనా. తవ్వేవాళ్లు జాబితా చూసుకొని ముందే కబురు చేస్తారు" అన్నాను. చదువు రాకపోయినా ఆయన శానాసేపు స్క్రీను వంక చూసి పోయినాడు.

లింకు పెట్టినప్పుడు ఎన్ని వరసలుంటే అన్నే డ్రాయింగులో కనపడతాయని, కింద కొత్తగా చేర్చింది రాదని నాకు తెలీదు. తవ్వే కాంట్రాక్టరుకు పంపే ప్రింటు తీసి అక్షరాల సైజు చూసినాను, గీతల మందం చూసినాను. ముచ్చటగా వచ్చిందని సంబరపడినాను కూడా. వరసలు మాత్రం లెక్కపెట్టలేదు.

రెండు నెలలకు ఆయన మళ్లీ వచ్చినాడు.

"పెనుకొండలో కూతురింటికి పోయి వచ్చేలోపల సమాధి మీద మిషను తోలేసినారమ్మా."

ఫైలు తెరిచినాను. ఎక్సెల్‌లో ఆమె ఉంది. డ్రాయింగులో లేదు. తప్పు కాంట్రాక్టరు మీదికి తోసేయమని మా సారు దూరం నుంచి సైగ చేసినాడు. నేను పెద్దాయన వైపే తిరిగినాను.

"తప్పు నాదే పెద్దాయనా."

తిడతాడనుకున్నాను. తిట్టింటే బాగుండు.

"నువ్వు రాస్తాంటే నేను చూసినా కదమ్మా" అన్నాడు. "తవ్విన మన్ను యాడ పోసినారో నీ మ్యాపులో ఉంటాదా?" అని అడిగినాడు.

అది మ్యాపులో ఉండదు. ఆయన చేను యాడుందో అడిగి రాసుకున్నాను.

ఆదివారం బస్సెక్కి కనగానపల్లికి పోయినాను. కాలువ పొడుగునా ఎర్రమన్ను కుప్పలు. ఆయనా, ఆయన తమ్ముడూ పారలతో వెతుకుతాండారు. నేనూ కూర్చొని చేతుల్తో తోడినాను. పొద్దు వాలేదాకా వెతికితే సున్నం పూసిన ఇటుక ముక్కలు నాలుగు దొరికినాయి. అంతే. వాటిని తువ్వాల్లో మూటగట్టుకొని ఆయన లేచినాడు.

"ఇంక చాల్లేమ్మా. పో, బస్సు పోతాది."