నడక వేళ

గోడకు వీపు ఆనించి, వాకిలి కనబడేట్టు కూచోవడం ఓబులప్ప అలవాటు. పార్టీ కక్షల్లో ఆయన ఇన్నేళ్లు బతికింది ఒకే దారిన, ఒకే వేళకు ఏనాడూ నడవకపోవడం వల్లే. ప్రొద్దుటూరు డాక్టరేమో షుగరు తగ్గాలంటే దినమూ ఒకే వేళకు నడవమన్నాడు. దినచర్య గురించి శాస్త్రాలు రాసినవాళ్లెవరూ ఈ కక్షల తొండూరు పక్కన కాపురం చేసినట్టు లేదు. “ఆయప్పకు మన కత తెలీదులే” అని భార్యతో నవ్వి, రోజుకో వేళకు రోజుకో దారి పట్టేవాడు.

ఒక పొద్దున ఎండిన వంక ఇసకలో ఎదుటి పార్టీ ఆదినారాయణ ఒంటరిగా, కొత్త కాన్వాసు బూట్లతో ఎదురయ్యాడు. “నీకూ షుగరేనా మామా?” అన్నాడు ఓబులప్ప. “శానా ఉందప్పా. దినమూ ఈ యాళకే వస్తాండావా?” చంపదలచినవాళ్లు ముందుగా ఆరా తీసేది అదే. ఓబులప్ప ఆ కొత్త బూట్లకేసి చూశాడు. “రేపట్నుంచి ఈ యాళకే, ఈ దావనే వస్తా” అన్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా ముందుకు నడిచాడు.