గాజుపలకకు పెట్టిన బొట్టు

హోసూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాకు సైన్సు మీద ఎంత నమ్మకమో దేవుడి మీదా అంతే ఉండేది. ఇద్దరిలో ఎవరో ఒకరు నన్ను పర్మనెంటు చేయించకపోతారా అనుకునేవాణ్ణి. నా పని గోళీలాట. (ఇంట్లో మాత్రం నానో టెక్నాలజీ అని చెప్పుకున్నాను.) కంటికి ఆననంత చిన్న ప్లాస్టిక్ గోళీలు కలిపిన నీటిచుక్కను గాజుపలక మీద వేసి నెమ్మదిగా ఆరనిస్తే, అవి వాటంతటవే తేనెపట్టులా ఒక్క పొరగా సర్దుకుంటాయి. దానికి లోహపు ఆవిరి పట్టించి గోళీలను ఊడదీస్తే, సందుల్లో పడ్డ లోహం చుక్కల ముగ్గులా మిగులుతుంది. బస్టాండులో మనకు చేతకాని వరుస ఆ గోళీలకు వచ్చునట. నా దగ్గర మాత్రం అవి ఎప్పుడూ గుంపులు కట్టి ధర్నాయే చేసేవి.

చివరికి ఆయుధపూజ నాటి ఉదయం ఒక్క పలక కుదిరింది. వాల్చి చూస్తే నెమలి మెడ రంగులు! సెలవు ముగియగానే దాన్ని చూడటానికి కృష్ణగిరి నుంచి కొనుగోలుదారు వస్తాడు. "ఆయనకు నచ్చితే నువ్వు పర్మనెంటు. లేకుంటే మీ డెంకణికోటకే పోయి చేలో పడే ఏనుగుల్ని తోలుకో అప్పా" అన్నారు మేనేజరు. అంటూనే గంధం, కుంకుమ చేతికిచ్చి, "అన్నిట్కీ బొట్టు పెట్టు, ఒకటీ ఇడిసిపెట్టొద్దు" అన్నారు.

మైక్రోస్కోపుకు పెట్టాను, ఏసీకి పెట్టాను, ఊగే స్టూలుకూ పెట్టాను. నా బతుకంతా మోస్తున్న పలకను వదిలేస్తానా? భక్తిగా డబ్బా మూత తీసి, నడిమధ్యన ఇంత తడిగంధం, దాని మీద కుంకుమ. తడికి గోళీలు లేచిపోతాయన్న సంగతి, కెమిస్ట్రీ పట్టా ఉన్న నాకు, హారతి కళ్లకద్దుకున్నాక గుర్తొచ్చింది. అప్పటికే ల్యాబుకు తాళం వేస్తున్నారు.

సెలవు ముగిశాక కృష్ణగిరి నుంచి వచ్చిన పెద్దాయన పలకను వెలుతురుకు వాల్చాడు. "రంగులు బాగుండాయి. నడుమ ఈ ఎర్రది ఏందప్పా?"

మేనేజరు రెప్ప కూడా వేయలేదు. "గుర్తు సార్. గోళీలు ఏ పక్క ఉండాయో తెలిసేదానికి. తిరగేసి పట్టుకుంటే పాడైపోతాయి కదా."

"ఓహో! ఈ తెలివి ఎవురికీ రాలేదే! మాకు పంపేవాటికన్నిట్కీ పెట్టండి. నడుమ వద్దు, మూలన."

ఆయన కారు గేటు దాటాక మేనేజరు కుర్చీలో కూలబడ్డారు. "ఇంగ నిన్ను తీసేసేదానికీ లేదు కదప్పా. ఆ బొట్టు పెట్టేవాడివి నువ్వొక్కడివే!"

అలా పర్మనెంటు అయ్యాను. ఇప్పుడు మూలన ఎర్ర మార్కరుతో చుక్క పెడుతున్నాం, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని. గోళీలు కూడా చెప్పినట్టు వింటున్నాయి. ఇంత పద్ధతి నడుమ, ఒట్టి వేలితో, నిండు నమ్మకంతో బొట్టు పెట్టిన ఆనాటి కుర్రాడికే చోటు లేకుండా పోయింది. ఒక్కోసారి వాణ్ణి మళ్లీ పనిలోకి తీసుకోవాలనిపిస్తుంది. టెంపరరీగానైనా.