ఉస్తాద్ గోడను తట్టాను

పోయిన శుక్రవారం పుంగనూరులో మా ఉస్తాద్ పోయారు. నాకు టైల్స్ పని నేర్పిన మనిషి. ఫోన్ వచ్చినప్పుడు నేను కుప్పంలో ఒక బాత్రూము గోడకు వాటర్‌ప్రూఫ్ పూత పూస్తున్నాను. బ్రష్ కడిగి బస్సెక్కాను. ఏడుపు రాలేదు, ఆ సంగతి మీకు దాచను.

"టైలు నీళ్లను ఆపదప్పా. సందుల్లోంచి పోతానే ఉంటాయి. ఆపేది యెనకుండే పూత" అనేవారు. సిమెంటు గోడ బాగా ఆరాలి, మూలల్లో పట్టీ అతికించాలి, రెండు పూతలు పడాలి. ఒకటి తక్కువైతే నా చేతిలో తాపీ లాక్కునేవారు. టైల్స్ అతికి ఆరాక ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో తట్టించేవారు. తాను టీలో బన్ను ముంచుకుంటూ, కళ్లు మూసుకుని వినేవారు. "మూడో వరసలో ఒకటి డొల్ల" అంటే అది డొల్లే. పీకి మళ్లీ వేయాల్సిందే. ఈ రోజుకీ నేను వేసిన గోడలు నీళ్లను ఆపుతున్నాయంటే అది ఆయన పెట్టిన విద్యే.

మాలో ఒక కట్టుబాటు ఉంది. ఉస్తాద్ వేసిన గోడను శిష్యుడు తట్టకూడదు.

మదనపల్లెలో నేను ఇల్లు కట్టుకున్నప్పుడు, "నీ బాత్రూము నేనే యేస్తా, నువ్వు నీ పనికి పో" అన్నారు. నాకెంతో గొప్పగా అనిపించింది. నాలుగు రోజులకు తిరిగొచ్చి చూస్తే సందులు గీత గీసినట్టు ఉన్నాయి. తట్టలేదు.

రెండేళ్లకు ఆ గోడకు అవతల, అమ్మ మంచం వైపు, సున్నం పొక్కి రాలసాగింది. అమ్మకు దగ్గు పట్టుకుంది. పైపును అనుమానించాను, మిద్దెను అనుమానించాను. మొన్న వేసవిలో చివరికి ఒక టైలు పీకాను. వెనక ఒక్క పూత కూడా లేదు. మూలకొక సిమెంటు ముద్ద, మధ్యలో ఒక ముద్ద, అంతే. తడిసిన సిమెంటు చేతికి ఊడొచ్చింది. నా ఇంటికే ఎందుకిలా చేశారు? తర్వాత ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. కోపం తగ్గాక అడుగుదాంలే అనుకున్నాను. తగ్గలేదు, ఇప్పటికీ.

ఖబరస్తాన్ నుంచి వచ్చాక, కాళ్లు కడుక్కోవడానికి ఆయన ఇంటి బాత్రూములోకి వెళ్లాను. ఆయన తన కోసం వేసుకున్న గోడ. తలుపేసి, కింది వరస నుంచి పైదాకా తట్టాను. ఒక్కటీ డొల్ల లేదు.

బయట ఆయన భార్య నిలబడి ఉన్నారు.

"తట్టింది నువ్వేనా నాయనా?"

మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాను.

"'ఎవురు తట్టినా వాడు మాత్రం నా గోడను తట్టడు' అని వచ్చినోళ్లకంతా చెప్తా ఉండె మీ ఉస్తాదు."

ఎర్రబడిన వేలి కణుపు కనపడకుండా చెయ్యి జేబులో పెట్టుకున్నాను.