లస్కరు తాతాజీ దాటేసిన అధ్యాయం

రంగూను మీద బాంబులు పడి, రైసుమిల్లు కూలీలు ఇద్దరు అడవుల్లోంచి ఇంటిదారి పట్టి నూట పదిహేను భాగాలైంది. ఇంతవరకూ ఆ ఇద్దరి చొక్కాలూ ఇస్త్రీ నలగలేదు. తాతాజీకి ఒళ్ళు మండిపోతోంది.

"ఎక్కేవాడు ఎక్కొచ్చుగా ఆ కొండ! మూడు రోజుల్నించీ ఒక కాలు గాల్లోనే పెట్టుకుని నించున్నాడు," అన్నాడు టీవీ వైపు చెయ్యి విదిలించి.

పక్కన ప్లాస్టిక్ కుర్చీలో బుల్లియ్య కళ్ళార్పకుండా చూస్తున్నాడు. "ఎక్కుతాడండి. జలగ పట్టుకుంది కదండీ, పాపం."

"జలగక్కూడా మ్యూజిక్కేంటయ్యా?"

"మీరు కాసేపు ఊరుకోండి లస్కరుగారూ. మాటలు వినపడట్లేదు."

తాతాజీ రామచంద్రపురం దగ్గర రైతుల ఇంట్లో పుట్టి, నీళ్ళ ఆఫీసులో లస్కరు ఉద్యోగం వచ్చి ధవళేశ్వరం చేరాడు. లస్కరంటే కాలవ తలుపులు ఎత్తి దించేవాడు. రిటైరయ్యి ఇరవయ్యేళ్ళు కావస్తోంది, డెబ్బై ఏడు నిండాయి, అయినా పేటలో అందరికీ ఇంకా లస్కరుగారే. బుల్లియ్య అతనికన్నా ఐదేళ్ళు పెద్ద. గోదాట్లో వల వేసి బతికినవాడు. ఇప్పుడు పడవ కొడుకు చినబాబుది. బుల్లియ్యకి చదువు లేదు. ఇంట్లో టీవీ మనవల చేతుల్లో ఉంటుంది కాబట్టి రోజూ సాయంత్రం ఏడయ్యేసరికి కాలవ లాకు పక్కనున్న తాతాజీ ఇంటికి వచ్చేస్తాడు. తాతాజీ భార్య బుల్లెమ్మ ఇద్దరికీ చెరో గ్లాసు టీ ఇచ్చి, చాట పట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది.

ఈ సీరియల్ ఒక చారిత్రక నవల ఆధారంగా తీశారని రోజూ మొదట్లో వేస్తారు. ఆ నవల తాతాజీ దగ్గర ఉంది, పేరు 'ఆరకాను దారి'. నలభై నాలుగేళ్ళ కిందట, డ్యూటీ దిగాక, లాకు గట్టు మీద కూర్చుని దాన్ని రోజుకో అధ్యాయం చొప్పున బుల్లియ్యకి చదివి వినిపించింది తాతాజీయే. మంచి గొంతు. కాలవ అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్ళు కూడా చెయ్యి ఆపి వినేవారు. ఇప్పుడా గొంతు లేదు. ఈ కథ జరిగిన మరుసటేడే తాతాజీ పోయాడు. కానీ ఆ గొంతు విన్నవాళ్ళు ఇవాళ్టికీ పేటలో తలుచుకుంటారు.

"ఏవండీ," అన్నాడు బుల్లియ్య ప్రకటనలు మొదలవగానే. "మీరు చదివినప్పుడు ఆ మేనత్త లేదు కదండీ?"

"లేదు."

"మరి ఇందులో ఉందేంటండీ?"

"వీళ్ళకి మేనత్త లేకపోతే తెల్లారదు. రంగూను రేవులో కూడా ఓ మేనత్తని పెట్టి విషం కలిపించారు."

బుల్లియ్య టీ ఊదుకుని తాగాడు. తరవాత మెల్లిగా, "ఏమోనండి. మీరే కొన్ని పేజీలు దాటేసేరేమో," అన్నాడు.

ఆ మాట రోజూ అంటాడు. సరదాకే అంటాడు. తాతాజీకి మాత్రం రోజూ గుండెల్లో ముల్లు దిగినట్టుంటుంది. దాటేశాడు కాబట్టి. మేనత్తని కాదు, చివరి అధ్యాయాన్ని.

నవల్లో ఇద్దరు స్నేహితులు, గవర్రాజు, సింహాచలం. కొండ కనుమ దగ్గర సింహాచలానికి కలరా తగులుతుంది. గవర్రాజు రెండు పగళ్ళూ రెండు రాత్రులూ వాడి పక్కనే కూర్చుంటాడు. మూడో రోజున సింహాచలం వాణ్ణి బలవంతాన పొమ్మంటాడు. గవర్రాజు ఒక్కడే ఇల్లు చేరతాడు.

తాతాజీకి ఒక అలవాటుండేది. చదివేటప్పుడు గొంతు తడబడకూడదని ముందురోజే ఒక అధ్యాయం తను చదివి పెట్టుకునేవాడు. ఆ చివరి అధ్యాయం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే బుల్లియ్య తండ్రి కూడా రంగూను నుంచి బయల్దేరి ఇంటికి చేరనివాడే. అప్పటికి బుల్లియ్య పాలు తాగే పిల్లాడు. తండ్రితో కలిసి నడిచిన నూకరాజు ఒక్కడే తిరిగొచ్చాడు. స్నేహితుణ్ణి అడవిలో వదిలేసి వచ్చాడని బుల్లియ్య తల్లి వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. నూకరాజు పేట చివరింట్లో, పిల్లాజెల్లా లేకుండా, ఎవరి పడవలోనూ జత లేకుండా ముసలివాడయ్యాడు.

మర్నాడు గట్టు మీద పుస్తకం తెరిచి, ఎదురుగా నోరు తెరుచుకుని వింటున్న బుల్లియ్య మొహం చూశాక తాతాజీకి నోరు రాలేదు. కళ్ళు పేజీ మీదే పెట్టి, అందులో లేనిదంతా చదివాడు. సింహాచలానికి తగ్గింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నడిచారు. ఇద్దరూ ఓడెక్కి కాకినాడ రేవులో దిగారు.

బుల్లియ్య కళ్ళు తుడుచుకుని, "అదండీ నేస్తం అంటే. మా నాన్నతోనూ నడిచాడొకడు," అని పేట చివరి వైపు చూసి ఉమ్మేశాడు.

అది చాలదన్నట్టు ఆరేళ్ళ తరవాత నూకరాజు పోయాడు. పేటలో చావు జరిగితే ఆ మర్నాడు ఎవరూ వల వెయ్యరు. అది అక్కడి కట్టు. పాడె పట్టడానికి మనిషి చాలక బుల్లియ్యని పిలవడానికి వచ్చారు. బుల్లియ్య రానన్నాడు. పైగా మర్నాడు పడవలన్నీ ఒడ్డున ఉంటే తన పడవ ఒక్కటీ నీళ్ళలోకి తోసి, అందరూ చూస్తుండగా వల విసిరాడు. లాకు వంతెన మీద నిలబడి తాతాజీ చూశాడు. నేను చదివింది అబద్ధమని ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. ఆ రోజు వెయ్యనివాడు తరవాత ఏ మొహం పెట్టుకుని వేస్తాడు?

ఇప్పుడు ఈ టీవీవాళ్ళు వచ్చారు, నలభై నాలుగేళ్ళ తరవాత, తగుదునమ్మా అని.

సీరియల్ ముగింపు వారం ప్రకటించారు. తాతాజీ ఆ సోమవారమే టీవీ డబ్బా వెనక వైరు పీకేసి, "కేబులు పోయింది," అన్నాడు. బుల్లెమ్మ వచ్చి వైరు పెట్టేసింది. మంగళవారం రీచార్జి అయిపోయిందన్నాడు. "నిన్ననే చేయించానండీ, ఫోన్లో మెసేజి చూడండి," అంది. బుధవారం రిమోట్ కనపడలేదు.

"బియ్యం డబ్బాలో రిమోట్ ఎవరు పెట్టారండీ?" అంది బుల్లెమ్మ గురువారం పొద్దున్న, అది పట్టుకొచ్చి.

"నాకేం తెలుసు?"

"నాకా డబ్బాలో చెయ్యి పెట్టే పని రోజూ ఉంటుంది. కొంచెం తెలివైన చోట దాచాల్సింది. ఏంటసలు మీ బాధ?"

"ఆ చెత్త చూడలేక."

"చూడలేనివాళ్ళు నూట ఇరవై రోజులు చూశారేం?"

 తను చూడకపోతే బుల్లియ్య ఒక్కడే చూస్తాడు. సింహాచలం చచ్చిపోయాడన్న మాట తను పక్కన లేనప్పుడు టీవీలోంచి విని, లేచి వెళ్ళిపోయి మళ్ళీ రాకపోతే? నీళ్ళ ఆఫీసులో స్నేహితులంతా పోయారు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోడానికి ఇంకెవరూ మిగల్లేదు.

శుక్రవారం ఆఖరి భాగం. ఆ రోజు గోదాట్లో ఎర్రనీరు బాగా దిగింది, పులసలు ఎదురెక్కే రోజులు. చినబాబు రెండో వల కూడా బాగుచేసుకుంటున్నాడని చెప్పి బుల్లియ్య వచ్చి కూర్చున్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని మరీ. తాతాజీ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

టీవీలో సింహాచలం కనుమ దగ్గర పడిపోయాడు. ఉరుములు. ఆకాశం మూడుసార్లు ఎర్రబడింది. గవర్రాజు వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. తాతాజీ కళ్ళు మూసుకున్నాడు. ప్రకటనలొచ్చాయి. సబ్బు, గోడల రంగు, మళ్ళీ సబ్బు. కళ్ళు తెరిచేసరికి ఎక్కడినుంచో ఒక సన్యాసి ఆకు పసరు పట్టుకొచ్చాడు. సింహాచలం లేచి కూర్చున్నాడు. ఆ తరవాత సముద్రపు ఒడ్డు, ఊరంతా దండలు, మేనత్త కాళ్ళ మీద పడి ఏడవడం. స్నేహితులిద్దరూ ఇస్త్రీ చొక్కాలతో కావిలించుకున్నారు. శుభం.

బుల్లియ్య చప్పట్లు కొట్టాడు. "ఆయ్! మీరు చదివినట్టే, అచ్చం! మేనత్త ఒక్కత్తే ఎక్కువండి. మిగతాదంతా మీరు చదివినట్టే! ఊరికే అనుమానించానండి మిమ్మల్ని, ఏమనుకోకండి."

నూట ఇరవై రోజులుగా భయపడ్డది జరగలేదు. గండం దాటిపోయింది. మరొకడైతే ఇంకో గ్లాసు టీ అడిగి తాగేవాడు. తాతాజీకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. తను గట్టు మీద కూర్చుని అల్లిన అబద్ధమే, పసరూ దండలూ తగిలించుకుని, ఊరందరి ముందుకీ వచ్చి నిలబడింది.

"సిగ్గుందా వీళ్ళకి?" అని అరిచాడు. "చచ్చినవాణ్ణి పసరు పోసి లేపుతారా? అంత పుస్తకం రాసినాయన ఏమైపోవాలి? వాడు ఆ కనుమలోనే చచ్చిపోయాడయ్యా! ఒక్కడే వచ్చాడు ఇంటికి!"

బుల్లెమ్మ చాట కింద పెట్టింది.

"చచ్చిపోయిందెవరండీ?" అన్నాడు బుల్లియ్య.

తాతాజీ బీరువా వైపు చూశాడు.

"లస్కరుగారూ. ఎవరు చచ్చిపోయారు? మీరు చదివినదాంట్లో ఇద్దరూ వచ్చారు కదండీ."

తాతాజీ వెళ్ళి బీరువా మీదనుంచి పుస్తకం తీశాడు. అట్ట ఊడి చేతికొచ్చింది. టీవీ ఆపేశాడు. కళ్ళజోడు పెట్టుకుని, "నేను చదివింది తప్పు. ఇది విను," అని చివరి అధ్యాయం మొదలుపెట్టాడు. ఇప్పుడు గొంతు బాగా తడబడింది. బుల్లియ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. సింహాచలం ఆఖరి గుక్కెడు నీళ్ళు గవర్రాజు చేత తాగించే చోటు వచ్చింది. 'ఇంక లే. నువ్వుంటే నాకు చావడం కూడా కష్టంగా ఉంది. ఇంటిదగ్గర అడిగితే నిద్రలో పోయాడని చెప్పు' అని మొహం అటు తిప్పుకునే చోటు వచ్చింది.

"ఆగండి," అన్నాడు బుల్లియ్య. "అది మళ్ళీ చదవండి. నిద్రలో అన్నది."

తాతాజీ మళ్ళీ చదివాడు.

"నూకరాజు మా అమ్మతో అదే చెప్పాడంట," అన్నాడు బుల్లియ్య. "నిద్రలో పోయాడమ్మా, నొప్పి తెలీలేదు అని. పక్కనున్నవాడివైతే నిద్రలో పోయేదాకా చూశావా, వదిలేసి వచ్చి కబుర్లు చెబుతావా అని చీపురు తీసిందంట మా అమ్మ. ఆవిడ పోయేదాకా అదే చెప్పేది."

తాతాజీ పుస్తకం మూసి కళ్ళజోడు తీశాడు.

"నలభై నాలుగేళ్ళండీ," అన్నాడు బుల్లియ్య చివరికి. గొంతు పెంచలేదు. "నేనడిగానా మిమ్మల్ని, నా కోసం మార్చి చదవమని? అప్పటికి బతికే ఉన్నాడు కదండీ వాడు. వీధి చివరే ఉన్నాడు. రెండడుగులు వేస్తే అయిపోయేది."

"నువ్వు బాధపడతావని..."

"పడితే పడేవాణ్ణి! ఇంత చదువుకున్నారు, నేను బాధపడితే విరిగిపోతాననుకున్నారా?"

తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. గుమ్మం దాటి, వీధిలోకి కేకేశాడు. "చినబాబూ! రేపు వల వెయ్యకు!"

చినబాబు వల వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అదేంటి నాన్నా? ఎర్రనీరు దిగింది, పులసల రోజులు, మతి పోయిందా నీకు?"

"పేటలో చావు జరిగింది."

"ఎవరు పోయారు?"

"నూకరాజు."

"నూకరాజెవరు?" అని చినబాబు తాతాజీ వైపు చూశాడు. తాతాజీ తల దించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న తాతాజీ ఉండబట్టలేక ఒడ్డుకి వెళ్ళాడు. అందరి పడవలూ నది మధ్యలో ఉన్నాయి. చినబాబు పడవ ఒక్కటీ ఒడ్డున కట్టేసి ఉంది. దాని పక్కన బుల్లియ్య స్నానం చేసి, తడి పంచెతో కూర్చున్నాడు. అవతల చినబాబు ఎవరికో ఫోన్లో తండ్రిని తిట్టుకుంటున్నాడు.

తాతాజీ కొంచెం దూరంగా కూర్చున్నాడు. బుల్లియ్య తల తిప్పలేదు.

"సాయంత్రం రావా?" అన్నాడు తాతాజీ.

"ఎందుకండీ, సీరియల్ అయిపోయిందిగా."

"పుస్తకం ఉందిగా. మొదట్నించీ చదువుతాను."

బుల్లియ్య పంచె చెంగు పిండుకున్నాడు. "వస్తాను. కానీ చెల్లెమ్మ మీ పక్కన కూర్చోవాలి. మీరు చదువుతుంటే ఆవిడ అక్షరం అక్షరం చూస్తుండాలి. ఒప్పుకుంటేనే."

"నామీద నమ్మకం లేదా?"

"లేదండి," అన్నాడు బుల్లియ్య.

ఆ సాయంత్రం ఏడింటికి ప్లాస్టిక్ కుర్చీ నిండింది. బుల్లెమ్మ కళ్ళజోడు తుడుచుకుని భర్త పక్కన చేరి, మొదటి పేజీలో మొదటి మాట మీద వేలు పెట్టింది.

"ఊ, కానివ్వండి," అంది.